కూలి వేయని లెక్క

మా ఇంట్లో అందరూ కట్టుబడి పనివాళ్ళే. మా ఆయన దినకర్ మేస్త్రీ. నేను ఆయన దగ్గరే సిత్తాలుని, అంటే ఇటుకలూ సిమెంటు మాలూ అందించే కూలిమనిషిని. మా అత్త మునియమ్మ ఒళ్ళు సహకరించినన్నాళ్ళూ ఆ పనే చేసింది. చిన్నాయనలూ, బావలూ, వాళ్ళ అల్లుళ్ళూ, ఎవరి చేతిలో చూసినా తాపీయే. అందుకే మా ఇంటి బాత్రూం బాగుచేసుకోవడానికి మాకు ఒక వేసవి మొత్తం పట్టింది. ఇంకెవరి ఇంట్లోనైనా అయితే పదిహేను రోజుల్లో అయిపోయేది.

ఆ వేసవిని తలుచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే సిగ్గేస్తుంది. కాబట్టి మొదటినుంచీ చెప్తాను.

తమిళనాడులో, వేలూరు దగ్గర గుడియాత్తంలో మా ఇంటికి బాత్రూం పెరట్లో ఉండేది. మామగారు బతికున్న రోజుల్లో కట్టింది. వెనక తలుపు తీసి మూడు మెట్లు దిగాలి. పైన రేకు, కింద గొంతుకూర్చునే బేసిన్, పక్కనే నీళ్ళ తొట్టి. ఊళ్ళోవాళ్ళకి నున్నటి బాత్రూంలు కట్టి పెట్టే మేస్త్రీ ఇంట్లో ఇదేంటని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. చలికాలం చివర ఒక పొద్దున అత్త ఆ మెట్ల మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. వేలూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు.

ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ నిలబెట్టి చెప్పింది. ఇకమీదట ఈమె కింద కూర్చోకూడదు, మెట్లు దిగకూడదు, కమోడ్ ఉండాలి, గోడకి పట్టుకునే కమ్మీ ఉండాలి, అవేవీ లేని ఇంటికి తీసుకుపోతే మళ్ళీ నా దగ్గరికే తీసుకొస్తారు అంది. మా ఇంట్లో అవేవీ లేవు. వేలూరు సత్తువాచ్చారిలో ఉండే మా ఆడబిడ్డ ఉమామహేశ్వరి వాళ్ళ అద్దె ఇంట్లో ఉన్నాయి. ఆసుపత్రినుంచి అత్తని నేరుగా అక్కడికే తీసుకుపోయాం.

కూతురింట్లో ఉండడమంటే అత్తకి నిప్పుల మీద కూర్చున్నట్టే. ఉమా వదినకి తల్లి అంటే ప్రాణం, ఆమె మొగుడు పద్మనాభన్ అన్నయ్య కూడా మంచి మనిషి, ఒక్కరోజు మొహం చిట్లించిన వాడు కాదు. అయినా అల్లుడింట్లో తిని పడుకోవడం ఆ తరం వాళ్ళకి మింగుడుపడదు. ఆటోలోంచి దించుతుంటే మా ఆయన చెయ్యి పట్టుకుని ఎప్పుడు తోడుకోని పోతావు నాయనా అని అడిగింది. వైకాసి నెలలో గంగమ్మ శిరసు పండగకి నువ్వు మనింట్లో ఉంటావమ్మా అని ఆయన మాటిచ్చాడు. అప్పటికి ఇంకా రెండు నెలలపైన ఉంది. ఒక బాత్రూం కోసం రెండు నెలలెందుకు అనుకున్నాం.

మర్నాటి సాయంత్రం ఆ మెట్ల మీదే కూర్చుని లెక్క వేశాం. లెక్క వేయడంలో మా ఆయనని మించినవాడు లేడు. కాగితం అక్కర్లేదు, కళ్ళు మూసుకుని గాలిలో వేలు తిప్పుతూ చెప్పేస్తాడు. కాట్పాడి వైపు ఓనర్లు ఆయన చెప్పిన అంచనాకి పైన ఒక్క రూపాయి పెట్టిన దాఖలా లేదు. ఆ రోజు కూడా అట్లాగే చెప్పాడు. పెరటి నేల ఇంటి నేల ఎత్తుకి తేవడానికి మట్టీ కంకరా, సిమెంటు, ఇసక, పైపులు, కమోడ్, స్టీలు కమ్మీలు, అత్త గదిలోనుంచే వెళ్ళేట్టు ఒక ప్లాస్టిక్ తలుపు. టైల్స్ కొనక్కర్లేదు, పనులు చేసిన చోట ఓనర్లు వదిలేసినవి మిద్దె మీద గోనెపట్టా కింద ఉన్నాయి. రంగులు కలవకపోతే పోనీ, అవి నున్నటివి కావు, కాలు జారవు, అది ముఖ్యం.

అన్నీ చెప్పి చివర్లో ఛాతీ విరుచుకుని, "కూలి మనదే" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూడాలి. ఏనుగునెక్కినంత సంబరం. నాకూ అదే సంబరం. మా మనుషుల్లో సొంత ఇంటి పనికి కూలి అన్న మాటే లేదు. ఒకరింట్లో గోడ లేస్తుంటే మిగతావాళ్ళు ఆదివారం తాపీ పట్టుకుని వస్తారు, అన్నం తిని పోతారు. కూలి ఇవ్వబోతే అవమానం, పుచ్చుకుంటే అంతకన్నా అవమానం. అందుకని మా లెక్కలో కూలి గడి ఎప్పుడూ ఖాళీయే. చీటీ పాడిన డబ్బు సరిగ్గా సరిపోతుందని తేలింది. నేనైతే వేణ్ణీళ్ళ గీజరు కూడా పెట్టించేద్దామా అని ఆశపడ్డాను.

ఉగాది వెళ్ళిన ఆదివారం చిన్నస్వామి చిన్నాయన ఇంటెడు మందిని వెంటేసుకుని దిగాడు. మామగారికి తమ్ముడు, మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. పగలగొట్టడం అంటే మావాళ్ళకి పండగ. పొద్దుటి ఎండ ముదరకముందే రేకు దిగింది, గోడలు పడ్డాయి, బేసిన్ ముక్కలైంది, మెట్లు కూడా లేచిపోయాయి. నేను పొయ్యి దగ్గర మటన్ కూర చూసుకుంటున్నాను. అందరూ కడుపునిండా తిన్నారు, మిద్దె మీద నీడ చూసుకుని పడుకున్నారు, లేచి కాఫీ తాగి, వచ్చే ఆదివారం గోడ లేపేస్తాం అని చెప్పి వెళ్ళిపోయారు. వాళ్ళు పోయాక పెరట్లోకి చూస్తే రాళ్ళకుప్ప తప్ప ఏమీ లేదు. అప్పుడు తట్టింది మాకు. రేపు పొద్దున మేం ఎక్కడికి పోవాలి?

పక్కింటి కాళియమ్మ గోడమీదనుంచి ఈ తమాషా అంతా చూస్తూనే ఉంది. తమిళావిడ, ఒంటరి మనిషి, మాతో పెద్దగా మాటలు కూడా ఉండేవి కావు. చీకటి పడే వేళకి వచ్చి తన బాత్రూం తాళంచెవి నా చేతిలో పెట్టింది. తన దగ్గర ఇంకొకటి ఉందనీ, పని అయ్యేదాకా ఇది నా దగ్గరే ఉంచుకోమనీ, తలుపు కొట్టి అడగక్కర్లేదనీ తమిళంలో చెప్పి వెళ్ళిపోయింది. ఆ తాళంచెవి మా దగ్గర వేసవంతా ఉంది. ఒక్కసారి కూడా పని ఎంతవరకు వచ్చిందని ఆమె అడగలేదు. అడిగి ఉంటే మేం సిగ్గుతో చచ్చేవాళ్ళం. ఆ అడగకపోవడానికే నేను ఆమెకి జన్మంతా దండం పెట్టుకుంటాను.

వచ్చే ఆదివారం వచ్చింది. ముగ్గురు వచ్చారు, రెండు వరసలు లేపారు, మటన్ తిన్నారు. ఆ పై ఆదివారం చిన్నాయన ఒక్కడే వచ్చి, మట్టి బాగా కూరుకోలేదని తేల్చి, మటన్ తిన్నాడు. కూలి లేని పని కదా, కోడికూర పెడితే బాగుండదని ప్రతివారం మటనే తెచ్చాను. మూడు ఆదివారాల మటన్ ఖర్చుతో ఇద్దరు మేస్త్రీలని వారం పెట్టుకుని ఉండొచ్చు. ఆ మాట ఆయనతో అంటే, మన ఇంటికి వచ్చిన చుట్టాల తిండి లెక్క వేస్తావా అని మొహం ముడుచుకున్నాడు. మరి నీ లెక్కలో మటన్ ఎందుకు లేదు మామా అన్నాను. ఆయన వినబడనట్టు బీడీ వెలిగించుకున్నాడు.

చుట్టాలని అనడానికి కూడా లేదు. అది కట్టుబడి పనివాళ్ళకి ఊపిరాడని కాలం. ఆడి నెల, అంటే ఆషాఢం వస్తే గృహప్రవేశాలు ఉండవు, అందుకని వేసవిలో ప్రతి ఓనరూ మేస్త్రీ మెడమీద కూర్చుంటాడు. మా ఇద్దరికీ కాట్పాడిలో ఒక రెండంతస్తుల ఇల్లు చేతిలో ఉంది. తెల్లవారే రైలెక్కితే దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చేవాళ్ళం. ఆ ఇంట్లో నాలుగు బాత్రూంలు. పగలంతా వాటిలో టైల్స్ సందులు పూడ్చి, ఇంటికొచ్చి తువ్వాలు భుజాన వేసుకుని కాళియమ్మ ఇంటికి పోయేదాన్ని. కాట్పాడి ఓనరు రోజుకి పదిసార్లు ఫోన్ చేసేవాడు. మా ఇంటి పనికి ఫోన్ చేసి అరిచేవాళ్ళు ఎవరూ లేరు, కాబట్టి అది అక్కడే ఆగింది.

అత్త మాత్రం రోజూ సాయంత్రం ఫోన్ చేసేది, అరవడానికి కాదు. గోడ యాడికి వచ్చింది నాయనా అనేది. ఆయన లింటల్ దాకా వచ్చిందమ్మా అనేవాడు. తలుపు పైన వేసే లింటల్ కాదు కదా, కిటికీ దాకా కూడా రాలేదు. ఫోన్ పెట్టేశాక నా వైపు చూసేవాడు కాదు.

ఇక లాభం లేదని నేనే కూలికి మనిషిని పెట్టాలని చూశాను. అప్పుడప్పుడు మా ఆయనతో కలిసి పనిచేసే అంతోని మేస్త్రీ చెయ్యి నమ్మకమైనది, మాట కూడా. కాట్పాడి స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉన్నప్పుడు, మా ఆయన టీకి వెళ్ళిన సమయం చూసి అడిగాను. వారం రోజులు మా ఇంట్లో చెయ్యి అన్నా, కూలి ఎంతైతే అంత ఇస్తాను అన్నాను. అంతోని నన్ను తప్పుమాట అన్నదాన్ని చూసినట్టు చూశాడు. దినకర్ ఇంట్లో కూలి పుచ్చుకుంటే రేపు ఏ పనిచోట తలెత్తుకోగలను అక్కా అన్నాడు. పోనీ ఊరికే చేయడానికి వారం రోజులు పస్తుండలేను, ఇంట్లో పిల్లలున్నారు అన్నాడు. రెండూ నిజమే. మేస్త్రీ ఇంట్లో మేస్త్రీలు కూలి పుచ్చుకోరు, పుచ్చుకోకుండా బతకలేరు. డబ్బు పెట్టినా మనిషి దొరకని ఇల్లు ఆ జిల్లాలో మాదొక్కటే అనుకుంటాను.

ఇంతలో గంగమ్మ పండగ వచ్చేసింది.

శిరసు ఊరేగింపు రోజు గుడియాత్తం ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. అమ్మవారి శిరసుని మోసుకుంటూ వస్తుంటే వీధులు మనుషులతో నిండిపోతాయి, ఏటి ఒడ్డు కనబడదు. అత్త పుట్టింది ఈ ఊళ్ళోనే, మెట్టింది ఈ ఊళ్ళోనే. ఊహ తెలిసినప్పటినుంచి ఒక్క శిరసు కూడా తప్పలేదు. ఆ రోజు మా ఆయన ఒక అరుగెక్కి ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియోలో ఆమెకి చూపించాడు. జనం అరుపులో ఏమీ వినబడటం లేదు. ఫోన్‌లో అత్త రెండు చేతులూ జోడించి ఉంది, కళ్ళనిండా నీళ్ళు. మా ఆయన చూడలేక ఫోన్ నా చేతికిచ్చి గుంపులోకి పోయాడు. అత్త నన్ను చూసి, అమ్మవారు బాగా కనబడిందమ్మా అని మాత్రం అంది. మాట తప్పారని ఒక్క ముక్క అనలేదు. అనుంటే నాకు తేలిగ్గా ఉండేది.

పండగైన వారానికి ఉమా వదిన ఫోన్ చేసి ఇద్దరూ ఒకసారి రండి అంది. అత్తకి జ్వరం. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ అన్నారట డాక్టర్లు. మందులిచ్చి, ఈమె నీళ్ళు సరిగా తాగడం లేదు, తాగకపోతే మళ్ళీ వస్తుంది అని కోప్పడ్డారట. చెంబు పక్కనే పెడుతున్నాను, తాగనే తాగదు, నేనేం చేసేది అని వదిన కళ్ళు తుడుచుకుంది. ఆమెని చూసినా జాలేసింది నాకు.

అత్త మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలు ఎండి పగిలాయి. మా ఆయన బయట పద్మనాభన్ అన్నయ్యతో మాట్లాడుతున్నాడు. నేను ఆమె పక్కన కూర్చుని, ఎందుకత్తా తాగడం లేదు అని అడిగాను. తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత చిన్నగా చెప్పింది.

"తాగితే లేయాల గదమ్మా. లేస్తే ఉమా వచ్చి పట్టుకోవాల. హాల్లో అల్లుడు కూసోని ఉంటాడు, ఆయన ఎదురుగ్గా నన్ను బాత్రూముకి నడిపించుకోని పోవాల. దినానికి ఎన్నిసార్లని పోయేది?"

నేను చెంబు వైపు చూశాను. ఆమే నా మోకాలి మీద తట్టింది.

"పనిచోట మనకి బాత్రూం యాడ ఉండాది చెప్పు. పొద్దన పోతే సాయంత్రం దాకా నోరు తడుపుకోని ఉండేదాన్ని. ఆ అలవాటే, కొత్తగా నేర్చుకునింది ఏమీ లేదులే."

ఆ మాట నా గుండెలో దిగబడింది. ఎందుకంటే నేనూ అంతే. కాట్పాడిలో నాలుగు బాత్రూంలకి టైల్స్ అందించే నేను, పొద్దున రైలెక్కే ముందు ఒక గుక్క తాగితే మళ్ళీ ఇంటికొచ్చాకే. ఎవరూ చెప్పకుండా వచ్చిన అలవాటు. అత్తని చూస్తే నాకు ఇంకో ముప్పై ఏళ్ళ తర్వాతి నేనే కనబడ్డాను. చెంబు అందుకుని, ఇప్పుడు తాగు, నేను పట్టుకుంటాను అన్నాను. తాగింది.

మా ఆయన లోపలికి వచ్చాక అత్త ఆయన్ని కుర్చీలో కూర్చోమంది. బాత్రూం లెక్క ఎట్లా వేసినావో చెప్పు అంది. ఆయన చెప్పాడు. సిమెంటు, ఇసక, పైపులు, కమోడ్, కమ్మీలు, తలుపు, అంతా వరసగా చెప్పి ఆపాడు. అత్త వేళ్ళు మడుస్తూ విని, "కూలి?" అంది.

"కూలి మనదే గదమ్మా."

"మనదే అంటే ఎవురిది?"

ఆయన నా వైపు చూశాడు, నేను నేల చూపు చూశాను. అత్త ఏమీ కోప్పడలేదు. తలగడ కింద చెయ్యి పెట్టి ఒక చేతిరుమాలు మూట తీసింది. ఆడవాళ్ళకి నెలనెలా ప్రభుత్వం వేసే వెయ్యి ఆమె ముట్టుకునేది కాదని మాకు తెలుసు, కానీ అల్లుడి చేత బ్యాంకునుంచి అంతా తెప్పించి పెట్టుకుందని తెలియదు. అందులోంచి కొన్ని నోట్లు తీసి మడిచి మా ఆయన వైపు చాచింది.

"అచ్చారం. పట్టు."

పని ఒప్పుకున్న మేస్త్రీకి ఓనరు ముందుగా ఇచ్చే డబ్బుని అచ్చారం అంటారు. అది పుచ్చుకున్నాక ఇక ఆ పని వదిలే ప్రసక్తి లేదు. మా ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నీ కాడ నేను కూలి పుచ్చుకునేదా అమ్మా?"

"నా కాడ కాదు, ఓనరు కాడ. ఆ ఇల్లు ఎవురి పేరు మీద ఉండాది?"

"నీ పేరు మీదే."

"అచ్చారం పుచ్చుకోని నువ్వు ఇంతవరకు యాడన్నా పని నిలబెట్టినావా?"

"లేదమ్మా."

"అందుకే ఇస్తా ఉండాను. పట్టు మేస్త్రీ."

ఆ పిలుపు ఆమె నోట ఎప్పుడూ వినలేదు. కొడుకు అయితే రేపు చూద్దాం అనగలడు, మేస్త్రీ అనలేడు. ఆయన ఆ నోట్ల వైపు చూసి, రెండు చేతులూ చాచి పుచ్చుకుని కళ్ళకద్దుకున్నాడు. ఏ ఓనరు దగ్గరైనా అట్లాగే చేస్తాడు. అప్పుడు అత్త నా వైపు తిరిగింది. సిత్తాలు కూలి వేరే, అది నీ చేతికే వస్తుంది అంది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆయన కళ్ళు మూసుకుని గాలిలో వేలు తిప్పుతూ మళ్ళీ లెక్క వేశాడు. కాట్పాడి దాటాక ఫోన్ తీసి అంతోనికి చేశాడు. నా బదులు కాట్పాడి ఇంటి పనిలో నిలబడతావా, అక్కడి కూలి అంతా నీదే అన్నాడు. అంతోని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదట. నీ ఇంట్లో కూలి పుచ్చుకోలేను గానీ, నీ బదులు ఎక్కడికైనా పోతాను అన్నాడట. మర్నాడు మా ఆయన తానే వెళ్ళి ఆ ఓనరుకి అంతోనిని చూపించి, పని అప్పగించి వచ్చాడు. ఇంత చిన్న దారి ఇన్నాళ్ళూ మాకెందుకు కనబడలేదంటే, మా ఇంటి పనిని మేం పనిగానే చూడలేదు.

ఆ మర్నాటినుంచి ఆయన కొత్త మనిషి. పనికి పోయే లుంగీ కట్టుకుని, టిఫిన్ తిని, వీధి తలుపులోంచి బయటికి పోయి, సందు చుట్టి పెరటివైపునుంచి వచ్చేవాడు. ఇదేంది మామా అంటే, ఇంట్లోంచి పెరట్లోకి దిగితే ఇంటి పని అయిపోతుంది, అట్లొస్తేనే ఓనరు పని అన్నాడు. నాకు నవ్వాగలేదు. అయినా నేను కూడా పని చీర కట్టుకుని తలకి గుడ్డ చుట్టుకున్నాను. చిన్నస్వామి చిన్నాయన ఆదివారం వచ్చాడు, సాంబారు అన్నం తిని, ఈసారి రుచి తగ్గిందమ్మా అని వెళ్ళిపోయాడు.

అత్త ఫోన్ ఇప్పుడు పొద్దునా సాయంత్రమూ వచ్చేది. గొంతు మారిపోయింది. నాయనా లేదు, గీయనా లేదు. ఏం మేస్త్రీ, కమ్మీ ఎంత ఎత్తులో పెడతా ఉండావు, నేను కూసుంటే నా చెయ్యికి అందాల గదా అని అడిగేది. పైపు లోపల పెట్టినావా బయట పెట్టినావా అనేది. ఆయన చేతులు కట్టుకుని నిలబడి జవాబు చెప్పేవాడు, ఫోన్‌లోనే. గోడ కిటికీ దాటింది, లింటల్ దాటింది, పైన స్లాబు పడింది. ఈసారి అబద్ధం చెప్పే అవసరం రాలేదు.

మొదటి శనివారం అత్త పంపిన కూలితో ఉమా వదిన బస్సులో వచ్చింది. చేతిరుమాలుకి రెండు కొసల్లో రెండు ముడులు. ఒకటి విప్పి తమ్ముడికి ఇచ్చింది, ఒకటి విప్పి నాకు. నేను పెళ్ళైనప్పటినుంచి పనిచేస్తున్నాను. మా పనుల్లో మొగుడూ పెళ్ళాలకి జత కూలి అని ఇద్దరిదీ కలిపి మొగుడి చేతికే ఇస్తారు. మా ఆయన తాగి తగలేసే రకం కాదు, ఇంటికే తెచ్చేవాడు, నాకు దాంట్లో ఫిర్యాదేమీ లేదు. కానీ నా ఒక్కదాని కూలి ఎంతో, అది చేతిలో ఎంత బరువుంటుందో నాకు తెలియదు. ఆ రోజు తెలిసింది. ఆ నోట్లు పట్టుకుని వంటింట్లోకి పోయి కాసేపు ఊరికే నిలబడ్డాను. సంతోషంతో ఏడుపొస్తుందని అంటారే, అది నిజమే.

ఆడి నెల ఇంకా రాకముందే ఒక ఉదయం పద్మనాభన్ అన్నయ్య కారు మాట్లాడి అత్తనీ వదిననీ తీసుకొచ్చాడు. కాళియమ్మ వీధిలోకి వచ్చి నిలబడింది. అత్త వాకర్ పట్టుకుని మెల్లగా గడప దాటి, నేరుగా తన గదిలోకి పోయి, కొత్త తలుపు ముందు ఆగింది. నేల అంతా ఒకే ఎత్తు. గోడకి ఒకచోట నీలం టైల్స్, ఒకచోట తెల్లవి, కింద ఇటుకరంగువి. వదిన సబ్బూ చీరా పట్టుకుని వెనకే లోపలికి పోబోయింది. అత్త చెయ్యి అడ్డం పెట్టి, చీర భుజాన వేసుకుని సబ్బు పుచ్చుకుంది.

"నేనొక్కదాన్నే పోతాను."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. నెలల తరబడి ఆమె ఒక్కతే ఎక్కడికీ పోలేదు, ఎవరో ఒకరు పట్టుకోకుండా లేవలేదు. మేం నలుగురం గదిలో నిలబడి వింటున్నాం. వాకర్ చప్పుడు, చాలాసేపు నిశ్శబ్దం, తర్వాత కొళాయి. నీళ్ళు పోసుకుంటూనే ఉంది. మా ఆయనకి కాలు నిలవలేదు, తలుపు కొట్టబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. కానివ్వు మామా, ఆమెని ఎవరూ తొందరపెట్టని చోటు అదొక్కటే అన్నాను.

తలుపు తీసుకుని వచ్చినప్పుడు తడి జుట్టు, కట్టుకున్న పొడి చీర, మొహంలో ఆసుపత్రికి ముందున్న కళ. కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకుని మా ఆయన వైపు చూసింది.

"ఎడమ మూల వాటం తక్కువైంది మేస్త్రీ. నీళ్ళు నిలస్తా ఉండాయి."

ఏ ఓనరైనా పని వంక పెడితే గంటసేపు వాదించే మనిషి, లోపలికి తొంగిచూసి తల గోక్కున్నాడు. రేపు సరిచేస్తానమ్మా అన్నాడు. అయితే నీ కడపటి కూలి రేపే అని అత్త మూట తిరిగి ముడేసుకుంది. పద్మనాభన్ అన్నయ్య పగలబడి నవ్వాడు. మా ఆయన కూడా నవ్వుతూనే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

వాళ్ళంతా కాఫీకి హాల్లోకి పోయాక అత్త నన్ను ఆపింది. రెండో ముడి విప్పి నా చివరి వారం కూలి చేతిలో పెట్టింది. నేను పుచ్చుకుని, వంగి ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. నన్ను భుజం పట్టి ఆపేసింది.

"పని నువ్వు చేసినావు, కూలి నేనిచ్చినాను. ఇందులో కాళ్ళు మొక్కేదానికి ఏముండాది? లెయ్ అమ్మా. ఆ కుర్చీ ఇట్ల లాక్కోని కూసో."

కాపురానికి వచ్చినప్పటినుంచీ అత్త ముందు నేను నేలమీదే కూర్చునేదాన్ని. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ వద్దనలేదు, అంతే. ఆ రోజు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. కాళ్ళకి మొక్కొద్దని ఆమె అంది గాని, మనసులో మొక్కుకుంటే ఆమెకేం తెలుస్తుంది? కూర్చునే మొక్కుకున్నాను.